చేటెడు తవుడుకు కొన్న పిల్లవాడు

పిల్లల బుర్రల్లో పాతుకుపోయిన ఆలోచనలను మార్చడం నా ఉద్యోగం. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఆ ఆలోచన ఎలా మారుతుందని మీరు నిలదీస్తే మాత్రం నీళ్లు నములుతాను. మారడం చూశాను, మారకపోవడం చూశాను, నేనే మార్చాననుకున్నది నా వల్ల కాదని తెలిసి తెల్లమొహం వేశాను. ఇప్పుడు ఈ పనికి పెద్ద చదువులున్నాయి, రంగులు వేసిన గదులున్నాయి. మా చెల్లెలి మనవరాలు ఆ చదువే పూర్తి చేసి, "అమ్మమ్మా, మీ రోజుల్లో ఏ పద్ధతి వాడేవారు?" అని అడిగింది. పద్ధతి అని చెప్పుకోదగ్గది ఏముందా అని వెతుక్కుంటే ఒక్క కుర్రాడే కళ్ల ముందుకొచ్చాడు. కనుక అతని సంగతే రాస్తున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు, నాకూ అక్కర్లేదు.

నెల రోజుల చదువు

అవి అరవైల చివరి రోజులు. విజయనగరం జిల్లా అప్పటికింకా పుట్టలేదు, చీపురుపల్లి శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆ దగ్గర్లో ఒక హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. బడికొకరు చొప్పున విశాఖపట్నంలో నెల రోజుల శిక్షణకు రావాలని పైనుంచి కాగితం వచ్చింది. దేనికి శిక్షణో ఆ కాగితం చదివినవాళ్లెవరికీ బోధపడలేదు. సంసారాలున్నవాళ్లు మేం పోలేమన్నారు. నాకు పెళ్లి కాలేదు, పైగా శ్రీకాకుళంలో మిషన్ కాంపౌండులో పెరిగినదాన్ని, ఇంగ్లీషు వచ్చే ఉంటుందని నన్ను తోసేశారు.

అక్కడ మాకు పాఠం చెప్పిన పెద్దావిడ నెల పొడుగునా తిప్పి తిప్పి నాలుగు మాటలే చెప్పింది. పిల్లవాడి చెడ్డ పనిని కొట్టకండి, దాని వెనకున్న ఆలోచనను పట్టుకోండి. ఆ ఆలోచనకు సాక్ష్యమేమిటని వాడినే అడగండి, కాగితం మీద రాయించండి, తప్పని వాడికే తెలుస్తుంది. చిన్న మంచి పని చేసినా వెంటనే నోరారా మెచ్చుకోండి. మిమ్మల్ని నమ్మి చెప్పినదాన్ని వాడి ఇంటికి మొయ్యకండి. మొదటి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మిగతా మూడింటి గురించి నాకున్న గందరగోళమే ఈ వ్యాసం.

తిరిగొచ్చాక హెడ్మాస్టరుగారు దేశపటాలూ విరిగిన బెంచీలూ పడేసే గదిని నాకిచ్చారు. ప్యూను దానికి 'కబుర్ల గది' అని పేరు పెట్టాడు. హెడ్మాస్టరుగారు బెత్తం మనిషే. కానీ అబద్ధం ఆడరు, వెనకాల ఒక మాట ముందొక మాట ఉండదు. అలాంటి పై అధికారి దొరికితే వదులుకోకండి, తిట్టినా సరే.

పలకని పిల్లవాడు

ఆ ఏడు ఆరో క్లాసులో చేరిన పదకొండేళ్ల కుర్రాడి పేరు తవిటినాయుడు. తండ్రి గరివిడి ఫ్యాక్టరీలో కూలి, తల్లి పొలం పనులకు వెళ్లేది. హాజరు పిలిస్తే పలికేవాడు కాదు. మొదటి బెంచీలో కూర్చుని, మాస్టారి మొహంలోకి చూస్తూనే నోరు మూసుకునేవాడు. 'తవుడూ' అని ఎవరన్నా వెక్కిరిస్తే మాత్రం మీదపడి రక్కేవాడు. మధ్యాహ్నం గంట కొడితే పారిపోయేవాడు. వెతికితే వాళ్ల పక్కింటి పైడమ్మ అరుగు మీద దొరికేవాడు, చీకటి పడేదాకా సొంత ఇంటి గుమ్మం తొక్కేవాడు కాదు.

ఒక పిల్లవాడి చెవి తెగేలా కొరికిన రోజు హెడ్మాస్టరుగారు నన్ను పిలిచారు. "సుగుణమ్మగారూ, దసరా సెలవుల వరకూ మీ కబుర్ల వైద్యం చెయ్యండి. తగ్గకపోతే టీసీ రాసి చేతిలో పెడతాను. వాళ్ల నాన్న ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు, కామందు ఇంట్లో పశువుల దగ్గర పెట్టడానికి" అన్నారు. అంటే ఆ పిల్లవాడి చదువు మూడు నెలల గడువు మీద ఉంది. ఆ గడువు నా మెడకు చుట్టుకుంది.

నాలుగు రోజులు నా గదిలో రాయిలా కూర్చున్నాడు. అయిదో రోజు నాకు విసుగేసి, దేశపటాలు కట్టడానికి తాడు కావాలని, గోగునార వాడి ముందు పడేసి పేనమన్నాను. చేతులు కదలగానే నోరు కదిలింది. ఇది ఏ శిక్షణలోనూ చెప్పలేదు. పిల్లల చేతికి పని ఇవ్వండి, వాళ్ల కళ్లలోకి చూడకండి, మాట దానంతటదే వస్తుంది.

"నాను మా ఇంటోడ్ని కాను" అన్నాడు తాడు మీంచి కళ్లెత్తకుండా.

"మరెవరింటివాడివి?"

"పైడమ్మత్త ఇంటోడ్ని. మాయమ్మ నన్ను సేటెడు తవుడిచ్చి కొనీసినాది."

"ఎవరు చెప్పారురా నీకు?"

"అందరూ సెప్తారు. పైడమ్మత్తే సెప్పినాది. నిజమేనేటని మాయమ్మనడిగితే, అవున్రా ఎదవా, నీకు తవుడే ఎక్కువ, అన్నాది."

"అయితే ఏమైందిప్పుడు?"

తాడు పేనడం ఆపాడు. "కొన్నోళ్లు అమ్మీయరా? మొన్న మా నాన్న దూడని సంతకి తోలీసినాడు. అదీ కొన్నదే. నన్ను కామందు ఇంటికాడ ఎట్టేస్తానంతన్నాడు. అమ్మీడానికే గదా?"

ఆ పిల్లవాడు రోజూ అమ్ముడుపోవడానికి సిద్ధపడి బడికి వస్తున్నాడు.

సాక్ష్యాల కాగితం

శిక్షణలో చెప్పినట్టే కాగితం తీసి నిలువుగా గీత గీశాను. పైన 'మా అమ్మకు నేనంటే ఇష్టం లేదు' అని వాడి చేతే రాయించాను. గీతకు ఒక పక్క అవునని సాక్ష్యాలు, రెండో పక్క కాదని సాక్ష్యాలు. అవునన్న పక్క వాడు గబగబా నింపేశాడు. తవుడుకు కొంది. ఒక్కరోజు కూడా బాగున్నావనలేదు. కొత్త చొక్కా కుట్టించలేదు, ఊళ్లో వాళ్లనడిగిన పాత గుడ్డలే తొడిగింది. ఆడపిల్లకు కుట్టినట్టు ముక్కు కుట్టించింది. ఎదవ, సన్నాసి, పెంటమీదోడు తప్ప ఇంకో మాట అనదు.

రెండో పక్క ఖాళీగా ఉండిపోయింది. నేనే అందించాను: "అన్నం పెడుతుంది కదరా?"

"దూడకీ ఎడతాది" అన్నాడు.

ఆలోచన తప్పయితే సాక్ష్యాలు దాన్ని ఓడిస్తాయన్నారు. ఇక్కడ సాక్ష్యాలన్నీ వాడి పక్కనే నిలబడ్డాయి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో ఆ పెద్దావిడ చెప్పలేదు, చెప్పిందేమో నేను వినలేదు. పేరు చెప్పకుండా హెడ్మాస్టరుగారిని అడిగితే ఎవరి గురించో ఆయన ఇట్టే పోల్చేశారు. "వాడు చెప్పింది నిజమేనమ్మా, కొన్నారు. ఈ తాలూకాలో అలా కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లమ్మని కనుక్కోండి" అన్నారు.

నేను కనుక్కోలేదు. దిష్టి తగలకుండా ఇలాంటి పేర్లు పెడతారని పైపైన తెలుసు. మా మిషన్ కాంపౌండులో అలాంటివాటిని చూసి నవ్వుకునేవాళ్లం. పైగా నమ్మి చెప్పినదాన్ని ఇంటికి మొయ్యకూడదని పాఠం ఉండనే ఉంది. నాకు అనుకూలంగా ఉన్న పాఠాన్ని గట్టిగా పట్టుకున్నాను. గర్వం అంటే అదేనని అప్పుడు తెలియలేదు.

కొత్త పేరు

నా ఆలోచన ఇది. రోజూ పదిసార్లు 'తవుడు' అని పిలిపించుకునేవాడు తనను తాను తవుడనుకోక ఏమనుకుంటాడు? పేరు తీసేస్తే ఆలోచన పోతుంది. "నీకు నచ్చిన పేరు చెప్పు, నా క్లాసులో అలాగే పిలుస్తాను" అన్నాను. మూడు రోజులు ఆలోచించుకొచ్చాడు. రవికుమార్ అన్నాడు. స్టేషను మాస్టరుగారి అబ్బాయి పేరట అది. రిజిస్టరులో పేరు మార్చలేదు గానీ, నోటితో రవికుమార్ అని పిలిచాను. తలెత్తి "ప్రెజెంట్ టీచర్" అన్నాడు. క్లాసంతా వాడి వైపు తిరిగి చూసింది.

రెండు వారాలు పండగే. రవికుమార్ బోర్డు తుడిస్తే మెచ్చుకున్నాను, లెక్క చేస్తే మెచ్చుకున్నాను, ఎవరినీ రక్కకుండా ఇంటికెళితే మెచ్చుకున్నాను. ఆ మెప్పుకు వాడు వాన పడ్డ చేనులా తేరుకున్నాడు. మధ్యాహ్నం పారిపోవడం మానేశాడు. నేను హెడ్మాస్టరుగారి దగ్గరకు పోయి గొప్పలు చెప్పుకున్నాను. ఆయన అంతా విని, "వాళ్లమ్మకి తెలుసా?" అన్నారు. ఏమిటీ ముసలాయన చాదస్తం అనుకున్నాను.

మూడో వారం వాడు బడికి రాలేదు. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు ఇంటర్వెల్లులో వాళ్లమ్మ సూరమ్మ వచ్చింది. నాట్లలోంచి తిన్నగా వచ్చినట్టుంది, మోకాళ్ల దాకా బురద. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అందరి మొహాలూ చూసి, నా దగ్గర ఆగింది.

"నా గుంటడికి పేరెట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా. ఎందుకంటే..."

"నాలుగు రోజులనాడు ఇంటికొచ్చి, అమ్మా నాను తవుణ్ని కాను, రవికుమార్ని అన్నాడు. ఆ రాత్రే జొరం. కళ్లు తెరవడం నేదు. ఓలమ్మా, నీకు నానేటి సేసినాను? నువ్వెట్టినావు, నువ్వే వొచ్చి తీసీ."

నేను దిక్కుతోచక హెడ్మాస్టరుగారి వైపు చూశాను. ఆయన పుస్తకంలోంచి తలెత్తకుండా "వెళ్లండి" అన్నారు. మలేరియా వర్కరు మా బడిలో ఇచ్చి ఉంచిన మాత్రలు సంచిలో వేసుకుని, గట్ల మీద ఆమె వెనకాల నడిచాను.

అరుగు మీద

పిల్లవాడు వాళ్లింటి అరుగు మీద చాప వేసుకుని, నెత్తి దాకా దుప్పటి కప్పుకుని ఉన్నాడు. దగ్గర పైడమ్మ కూర్చుని ఉంది, పక్కన చేటలో తవుడు. నేను నుదురు పట్టుకు చూశాను, కాలిపోతోంది. మాత్ర ఇచ్చి, ఎన్ని పూటలు వెయ్యాలో చెప్పాను. అంతకు మించి ఏం చెయ్యాలో తెలియక, "వాడికి ఆ పేరంటే సిగ్గమ్మా, అందుకే మార్చాను" అన్నాను.

సూరమ్మ గుంజకు ఆనుకుని కూలబడింది.

"సిగ్గేనేటి? నాకు ఈడికి ముందు ముగ్గురమ్మా. పెద్దది లచ్చిమి. రెండోవోడు సూర్యనారాయణ. మూడోది పార్వతి. ఎంత మంచి పేర్లో సూడు, అన్నీ దేవుళ్ల పేర్లే. ముద్దు సేసినాను, పూలెట్టినాను, నా బంగారమని ఊరంతా తిప్పినాను. ముగ్గురూ నడక రాకండానే పోనారు. ఈడు పుట్టిన రోజున సేటలో ఎట్టి పెంట మీద పడుకోబెట్టినాను. ఈ పైడమ్మ ఎత్తుకున్నాది, దానికి తవుడిచ్చి కొనుక్కున్నాను. ఈడు నా బిడ్డ కాదు, ఎందుకూ పనికిరాడు, ఈడికోసం ఎవులూ రావొద్దు అని, ఆ ముగ్గుర్నీ తీసుకుపోనోళ్లకి సెప్పడానికి. పదకొండేళ్లమ్మా. ఈడు నిద్రోతే సూసుకున్నాను గానీ, మెలకువుండగా ఒక్కపాలి బంగారమన్నేదు. నోటికాడికొచ్చిన మాట మింగీసినాను."

పైడమ్మ ముక్కు చీదింది. దుప్పటి కదిలింది. వాడి తల బయటికొచ్చింది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎంతసేపట్నుంచి వింటున్నాడో మాకెవరికీ తెలియదు.

"అయితే నన్నమ్మీవా?" అన్నాడు.

సూరమ్మ వాడి వైపు తిరిగింది. "కొనుక్కున్నాను గదరా ఎదవా. అమ్మడానికేట్రా కొనుక్కున్నాను?"

వాడు ఆ మాటను నెమ్మదిగా నములుకున్నట్టు పెదవులు కదిపాడు. తర్వాత దుప్పటి మెడ దాకా లాక్కుని తల్లి వైపు తిరిగి పడుకున్నాడు.

"పేరు తీసీ టీచరమ్మా" అంది ఆమె నాతో.

ఎలా తీస్తారో నాకు తెలియదు. పైడమ్మ చెప్పినట్టే చేశాను. చేటలోంచి తవుడు గుప్పిట్లోకి తీసుకుని, "ఈ పేరు నేను తీసేసుకుంటున్నాను. వీడు తవుడే" అని పైకి అన్నాను. ఆదివారం చర్చిలో పాటలు పాడే నోటితోనే అన్నాను. మా అమ్మ చూసి ఉంటే ఏమనేదో. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకోబోతే ఏమని చేసుకోవాలో కూడా తోచలేదు.

జ్వరం మూడు రోజుల్లో తగ్గింది. మాత్రలకు తగ్గిందని నేనన్నాను. పేరు తీసినందుకని సూరమ్మ అంది. తన తవుడు మహిమ అని పైడమ్మ ఊరంతా చెప్పుకుంది.

నాకు తేలనిది

బడికొచ్చిన రోజు తవిటినాయుడు అని పిలిచాను. పలికాడు. పేరు మారలేదు, తిట్లు మారలేదు, ముక్కుకు కన్నం అలాగే ఉంది. నా కాగితంలో వాడు రాసిన సాక్ష్యాల్లో ఒక్కటీ అబద్ధం కాలేదు. అవే సాక్ష్యాలు. కానీ అవి ఇప్పుడు గీత దాటి రెండో పక్కకు వెళ్లిపోయాయి. ఆ పని నేను చెయ్యలేదు. కావాలని సూరమ్మ కూడా చెయ్యలేదు, వాడు నిద్రపోతున్నాడనే అనుకుంది. జ్వరం రాకపోతే ఆమె చెప్పేది కాదు, నేను తప్పు చెయ్యకపోతే ఆమె బడికే వచ్చేది కాదు. అలాగని నా తప్పే మంచిదైందని చెప్పుకోవడానికి నోరు రాదు. ఆ మూడు రోజుల్లో పిల్లవాడికి ఏమన్నా అయి ఉంటే, ఏ మాత్రలూ ఏ మాటలూ ఆ తల్లి దగ్గర నన్ను నిలబెట్టేవి కావు. ఆ భయం ఇప్పటికీ ఉంది.

కొత్తవాళ్లకు ఏం చెప్పను? సాక్ష్యం అడగండి, తప్పులేదు. కానీ పిల్లవాడి దగ్గర సగం కాగితమే ఉంటుంది, మిగతా సగం ఎవరి దగ్గరుందో వెతుక్కుంటూ మీరే బురదలో నడవండి. నమ్మి చెప్పినదాన్ని మొయ్యొద్దన్నది మంచి మాటే. చెప్పినదాన్ని మొయ్యకుండానే ఇంటికి వెళ్లవచ్చు, ఊరికే కూర్చుని గ్లాసెడు మజ్జిగ తాగి రావచ్చు. ఆ సంగతి తెలియక నేను గదిలో కూర్చున్నాను. ఇక మెచ్చుకోవడం గురించి. ఆ తర్వాత కొన్ని వందల మంది పిల్లలను నోరారా మెచ్చుకున్నాను, చాలామందికి పనికొచ్చింది. వీడి విషయంలో మాత్రం ఏది మెప్పో ఏది తిట్టో నాకే తికమక. ఆ తికమక ఆ ఏడు దసరా ముందు మరీ ఎక్కువైంది.

వేలిముద్ర

సెలవులకు ముందు ప్రోగ్రెస్ కార్డులిచ్చాం. ఇంట్లోవాళ్ల సంతకం కావాలి. సూరమ్మ వేలిముద్ర వెయ్యడానికి తానే వచ్చింది, వెనకాల కొడుకు. లెక్కల్లో క్లాసుకు వాడిదే మొదటి మార్కు. హెడ్మాస్టరుగారు టీసీ మాట మళ్లీ ఎత్తలేదు. కామందు ఇంటి మాటెత్తిన మొగుడితో సూరమ్మ రెండు పూటలు పోట్లాడి మాన్పించిందని పైడమ్మ ద్వారా తెలిసింది. నాకు ఆ మార్కుల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. వాడెదుట అనవచ్చో లేదో తెలియక, "వేలు ఇక్కడ పెట్టమ్మా" అని మాత్రం అన్నాను.

ఆమె వేలికంటిన సిరా తుడుచుకుంటూ, "ఒరే, దాహమేస్తన్నాది, నూతికాడికెల్లి బేగి నీల్లట్రా" అంది. వాడు గుమ్మం దాటేదాకా చూసింది. తలుపు దగ్గరగా వేసింది. నా కుర్చీ దగ్గరకొచ్చి, వంగి, చెవి నా నోటి దగ్గర పెట్టింది.

"సెప్పమ్మా" అంది. "ఒక్కపాలి. ఎవులికీ ఇనబడకండా సెప్పు. ఎలగున్నాడు నా కొడుకు?"

నేను చెప్పాను. లెక్కల్లో మొదటివాడని, చేతిరాత గుండ్రంగా ఉంటుందని, ఆటలో పడ్డ చిన్న క్లాసు పిల్లాడిని ఎత్తుకెళ్లి మోకాలు కడిగాడని, మంచివాడని, తెలివైనవాడని, బంగారమని. ఆమె కళ్లు మూసుకుని వింది. కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆపినా కాసేపు అలాగే వంగి ఉంది. తర్వాత పక్కకు తిరిగి మూడుసార్లు థూ థూ అని ఉమ్మి, మొహం తుడుచుకుంది.

తలుపు తోసుకుని వాడు చెంబుతో వచ్చాడు. తల్లి కళ్లు చూశాడు, నన్ను చూశాడు.

"ఏటి సెప్పినారే టీచరమ్మ?"

"ఏటి సెప్తారు? నీయంత పనికిమాలినోడు బడి మొత్తంలో నేడన్నారు."

వాడు చెంబు తల్లి చేతికిచ్చాడు. మొహమంతా నవ్వయిపోయింది.

"ఇంకోపాలి సెప్పవే అమ్మా" అన్నాడు.